తలుపులో దాగిన పనితనం

మైక్రోవేవ్ ఓవెన్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది దాని తలుపు. లోపల తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్‌కు పెద్ద చరిత్రే ఉంది. 1940లో బర్మింగ్‌హామ్‌లో రాండల్, బూట్ అనే ఇద్దరు దాన్ని రాడార్ కోసం తయారు చేశారు. యుద్ధం ముగిసిన ఏడే పెర్సీ స్పెన్సర్ అనే ఇంజినీరు దాన్ని వంటకు మళ్లించి పేటెంటు కోరాడు. అయితే 1947లో వచ్చిన తొలి ఓవెన్ మనిషి ఎత్తుండేది, 340 కిలోల బరువు తూగేది. అలాంటి యంత్రం ఇళ్లలోకి వచ్చి, పక్కనే పిల్లలు నిలబడినా భయం లేకుండా నడుస్తోందంటే ఆ ఘనత తలుపు చేసినవాళ్లది.

న్యూజిలాండ్‌లోని మనురేవాలో చాలా తెలుగు ఇళ్లలో ఆ తలుపుకు రాత్రీ పగలూ తేడా లేదు. విరి గోదాముల్లో, మాంగెరె విమానాశ్రయంలో షిఫ్టులు చేసేవాళ్లున్న ఇంట్లో ఒకరు అర్ధరాత్రి అన్నం వేడి చేసుకుంటారు, ఇంకొకరు తెల్లవారుజామున. మధ్యలో పాలు, నిన్నటి పప్పు, నీళ్లు చిలకరించిన ఇడ్లీలు.

ఆ తలుపును ఒకసారి దగ్గరగా చూడండి. గాజు వెనక సన్నటి చిల్లుల రేకు ఉంటుంది. లోపల తిరిగే తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, చిల్లు వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. వెలుతురు అందులోంచి బయటికి వస్తుంది, కూర ఉడకడం కనిపిస్తుంది. తరంగం మాత్రం దాటలేదు. ఇంతవరకు సులభమే. కష్టమంతా అంచుల దగ్గరుంది. తలుపుకూ పెట్టెకూ మధ్య ఎంతో కొంత సందు తప్పదు. అక్కడ నెయ్యి పేరుకుంటుంది, మెతుకు ఇరుక్కుంటుంది, బందులు కాస్త వదులవుతాయి. లోహానికి లోహం గట్టిగా ఆనితేనే రక్షణ అనుకుంటే ఏడాదికే ఆ రక్షణ పోతుంది.

అందుకే తలుపు అంచు చుట్టూ, ప్లాస్టిక్ పట్టీ కింద, ఒక గాడి చేశారు. దాని లోతు తరంగం పొడవులో నాలుగో వంతు, అంటే సుమారు మూడు సెంటీమీటర్లు. సందులోకి జారిన తరంగం ఆ గాడిలోకి దిగి, అడుగున తగిలి తిరిగి వచ్చేసరికి బయటికి పోబోయే తరంగానికి సరిగ్గా ఎదురు తిరిగి ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. సందు ఉంది, గోడ లేదు, అయినా గోడ ఉన్నట్టే పని జరుగుతుంది. కదిలే భాగమేదీ లేకుండా, ఒట్టి కొలతతో సాధించిన రక్షణ ఇది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల ఉమ్మడి ప్రమాణం ప్రకారం ఓవెన్‌కు 5 సెంటీమీటర్ల దూరంలో లీకేజీ చదరపు మీటరుకు 50 వాట్లు దాటకూడదు. ఆ గీత దాటకుండా కాపాడే గాడి మీద అందం కోసం పెట్టిన పట్టీలా కనిపించేదాన్ని కత్తితో గీకకూడదు, ఊడదీయకూడదు. తడి బట్టతో తుడిస్తే చాలు.

గాడి తర్వాత చూడాల్సినవి స్విచ్‌లు. ఒక ఇంట్లో వాటి పని కళ్లారా చూశాను. ఓవెన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ ఇంటి పెద్దావిడ రిపేరు చేసే అతనితో, “ఫ్యూజు మార్చాడు బాబూ మా అబ్బాయి, మళ్లీ పోయింది” అన్నారు. అతను పెట్టెను ముట్టుకోకముందే అడిగాడు: “స్టార్ట్ నొక్కినప్పుడు పోయిందా అమ్మా, తలుపు తీసినప్పుడా?”

తీసినప్పుడే. సగం జబ్బు అక్కడే దొరికింది.

తలుపుకున్న కొక్కేలు పెట్టె కన్నాల్లోకి దిగి లోపల సాధారణంగా మూడు చిన్న స్విచ్‌లను నొక్కుతాయి. మొదటి రెండూ కలిస్తేనే మాగ్నెట్రాన్‌కు కరెంటు అందుతుంది. ఒకటి చెడినా రెండోది ఆపాలని అలా పెట్టారు. మూడోది ఆ కాపలాకే కాపలా. తలుపు తెరవగానే మొదటి రెండూ విడిపోవాలి, ఆ తర్వాతే మూడోది కలవాలి. కాంటాక్టులు కాలి అతుక్కుపోయి కరెంటు ఆగకపోతే, మూడోది కలిసిన క్షణంలో కావాలనే షార్ట్ అవుతుంది, ఫ్యూజు పోతుంది. తలుపు తెరిచి ఉండగా వండే అవకాశం ఇవ్వడం కన్నా ఈ యంత్రం తనను తాను చంపుకోవడానికే సిద్ధపడుతుంది. 1970ల్లో అమెరికా నియమాలు ఇలాంటి జంట స్విచ్‌లనూ వాటి మీద నిఘానూ తప్పనిసరి చేశాయి. ఒక స్విచ్ అయినా వేలికి అందకుండా ఉండాలని కూడా ఆ నియమాల్లో ఉంది. రాసినవాళ్లకు పిల్లల సంగతి బాగా తెలుసు.

కాబట్టి ఆ ఇంట్లో పోయిన ఫ్యూజు తన పని తాను చేసింది. దాని స్థానంలో పెద్ద ఫ్యూజు వేయడమంటే ఆ కాపలాను తీసేయడమే.

అతను ప్లగ్గు తీసి, పై డబ్బా విప్పి, మొదట కెపాసిటర్‌లో మిగిలిన కరెంటును ఇన్సులేషన్ ఉన్న పనిముట్టుతో దింపాడు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టులను సుమారు రెండు వేలకు పెంచుతుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని దాదాపు రెట్టింపు చేస్తాయి. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్ ఆ కరెంటును పట్టి ఉంచగలదు, మనిషిని చంపగలదు. అందుకే డబ్బా విప్పడం రిజిస్టరైన సర్వీస్ టెక్నీషియన్ పని, మనది కాదు. మొదటి స్విచ్ విప్పి చూపించాడు. గోరంత కాంటాక్టు నల్లగా మాడి, అంచున కరిగి ఉంది. టైము అయ్యేదాకా ఆగకుండా, ఓవెన్ నడుస్తుండగానే తలుపు లాగేస్తే ప్రతిసారీ అక్కడ చిన్న నిప్పురవ్వ పుడుతుందని చెప్పాడు. ముందు స్టాప్ నొక్కి తర్వాత తలుపు తీసే అలవాటు ఆ కాంటాక్టుకు ఆయుష్షు.

డబ్బా విప్పకుండా మనం చూసుకోగలిగినవీ ఉన్నాయి. లోపల కుడివైపు గోడకు సాధారణంగా అట్టముక్కలాంటి పలక ఉంటుంది. అది అభ్రకం. నెల్లూరు సీమలో గూడూరు గనుల పేరు విన్నవాళ్లకు అది కొత్త కాదు. వేడిని తట్టుకుంటుంది, తరంగాన్ని దాటనిస్తుంది. కూర చిట్లి దాని మీద పడి మాడితే ఆ మాడు దగ్గరే మెరుపులు మొదలవుతాయి. జిడ్డయితే తుడవాలి, కాలిపోతే ఆ మోడల్‌కు సరిపోయే కొత్త పలక వేయాలి. అంచున బంగారు గీత ఉన్న పింగాణీ కూడా మెరుపులు తెప్పిస్తుంది. వేడి తగ్గిందనిపిస్తే లీటరు నీళ్లు పెట్టి సరిగ్గా ఒక నిమిషం నడపండి. ఎన్ని సెల్సియస్ డిగ్రీలు పెరిగిందో దాన్ని 70తో గుణిస్తే నీళ్లకు అందిన వాట్లు వస్తాయి. పది డిగ్రీలంటే 700. దీపం వెలిగి, పళ్లెం తిరుగుతూ, నీళ్లు మాత్రం చల్లగానే ఉంటే లోపం ఎక్కువగా హై వోల్టేజి వైపే ఉంటుంది. ఖాళీ ఓవెన్ నడపకూడదు, శక్తి తిరిగి మాగ్నెట్రాన్ మీదికే వస్తుంది. లోపల వేడి ఆరేసి సెంటీమీటర్ల ఎడంతో గుంపులుగా పడుతుంది కనుక పసిపిల్లల పాలు బాగా కలిపి, చేతి మీద చుక్క వేసి చూశాకే పట్టాలి. నున్నటి కప్పులో నీళ్లు పొంగకుండానే మరిగే వేడి దాటిపోయి, చెంచా తగలగానే ఎగజిమ్మగలవు. గుడ్డును పెంకుతో పెట్టకూడదు.

స్విచ్‌లు మార్చి డబ్బా బిగించాక, అతను ఒక గ్లాసులో 275 మిల్లీలీటర్ల నీళ్లు లోపల పెట్టి ఓవెన్ నడిపాడు. లీకేజీ కొలిచే మీటరును తలుపు అంచు వెంట మెల్లగా తిప్పాడు. బందుల దగ్గర ఎక్కువసేపు ఆగాడు. “ఫోను లోపల పెట్టి మోగించి చూస్తే సరిపోదా?” అని ఆ అబ్బాయి అడిగాడు. ఫోను చాలా బలహీనమైన సిగ్నల్‌నూ పట్టుకుంటుంది, అది మోగినంత మాత్రాన తలుపు లీకవుతోందని కాదు, మోగకపోతే బాగుందనీ కాదు అని చెప్పి, మీటరులో అంకె ఆ అబ్బాయికే చూపించాడు.