చేతులు లేని రోబో

2017 నవంబరు 28న హైదరాబాద్‌లో రెండు కొత్త యంత్రాలు ఒకే రోజు జనం ముందుకు వచ్చాయి. మియాపూర్‌లో ప్రధాని నరేంద్ర మోదీ మెట్రో రైలును ప్రారంభించారు. ఆ తర్వాత హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో మొదలైన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో ‘మిత్ర’ అనే యంత్రం ఆయన్నీ ఇవాంకా ట్రంప్‌నూ పలకరించింది. బెంగళూరుకు చెందిన ఇన్వెంటో సంస్థ తయారుచేసిన ఆ బొమ్మకు తల, కళ్లు, చేతులు ఉన్నాయి, మాట కూడా వచ్చు. కాబట్టి రోబో అన్న పేరు దానికే దక్కింది. చేసే పనిని బట్టి చూస్తే మాత్రం ఆ పేరు మియాపూర్‌లో పట్టాలెక్కిన యంత్రానికే ఎక్కువ చెల్లుతుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా దారి తెరిచాక, అది దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదుగా కొద్ది నిమిషాలకోసారి వెళ్తూనే ఉంది. కింద రోడ్డు మీద తలెత్తి చూసేవాళ్లకు అది రైలు మాత్రమే.

తెలుగువాళ్ల మనసులో రోబో రూపాన్ని స్థిరపరిచింది 2010 నాటి సినిమాలోని చిట్టి. అది పాడుతుంది, ఆడుతుంది, చివరికి ప్రేమలోనూ పడుతుంది. ఇంజినీర్లు అడిగేది అంతకన్నా చాలా తక్కువ. చుట్టూ ఏముందో కొలవాలి, ఆ కొలతను బట్టి ఏం చేయాలో తేల్చుకోవాలి, చేసిన పని ఫలితాన్ని మళ్లీ కొలవాలి. ఈ మూడూ ఆగకుండా నడిస్తే అది రోబో. ఫ్యాన్ రోజంతా తిరుగుతుంది గానీ గదిలో ఎంత ఉక్కగా ఉందో దానికి పట్టదు. మెట్రో రైలుకు తన వేగం, తన చోటు, ముందున్న దారి అన్నీ పట్టాలి.

ఈ రైళ్ల పెట్టెలు కొరియాలో హ్యుందాయ్ రోటెం సంస్థ చేసినవి. మూడేసి పెట్టెలతో 57 రైళ్లు తెప్పించారు. నెత్తిమీది తీగ నుంచి 25,000 వోల్టుల కరెంటు అందుతుంది. శరీరం వరకూ ఇంతే. బుద్ధి మాత్రం థేల్స్ సంస్థ అమర్చిన ‘సెల్‌ట్రాక్’ అనే సిగ్నలింగ్ వ్యవస్థది. రైలుకూ నేల మీది కంప్యూటర్లకూ మధ్య రేడియోలో ఎడతెగని సంభాషణ మీద ఆధారపడే ఈ పద్ధతిని సీబీటీసీ అంటారు. భారతదేశంలో దాన్ని మొదట వాడిన మెట్రోల్లో హైదరాబాద్‌ది ఒకటి. థేల్స్ సంస్థ రైల్వే సిగ్నలింగ్ విభాగం 2024లో హిటాచీ చేతికి వెళ్లింది. సెల్‌ట్రాక్ వంశం మాత్రం పాతది. 1980ల మధ్యలో కెనడాలోని టొరంటో, వాంకూవర్ నగరాల్లో అదే పేరున్న వ్యవస్థతో రైళ్లు నడిచాయి. అంటే బెంగళూరు మిత్ర కన్నా ఈ రోబో తాతముత్తాతలు మూడు దశాబ్దాలు ముందువాళ్లు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న చూడటానికి అతి మామూలుది: నేను ఎక్కడున్నాను? ఫోన్లలో ఉండే జీపీఎస్ ఇక్కడ చాలదు. కొన్ని మీటర్ల తేడా వస్తే ఆహారం తెచ్చే కుర్రాడు పక్క గుమ్మం దగ్గర ఆగుతాడు, అంతే. రైలుకు ఆ తేడా పనికిరాదు. అందుకని రైలు తన చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెడుతుంది. చుట్టుకొలత తెలుసు కాబట్టి ఎంత దూరం వచ్చిందీ తెలుస్తుంది. చీకట్లో మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగే మనిషి చేసేదీ ఇదే.

ఈ లెక్కకు శత్రువులు ఇద్దరు. ఒకటి అరుగుదల. చక్రం వ్యాసం ఒక్క శాతం తగ్గితే కిలోమీటరుకు 10 మీటర్ల తప్పు పేరుకుంటుంది. రెండోది వాన. తడి పట్టా మీద బయల్దేరేటప్పుడు చక్రం జారి తిరిగితే, రైలు కదలకపోయినా లెక్క పెరుగుతుంది. బ్రేకు పడి చక్రం బిగుసుకుంటే, రైలు జారుతున్నా లెక్క ఆగిపోతుంది. అందుకే దారి పొడవునా పట్టాల మధ్య చిన్న ట్యాగులు బిగిస్తారు. ఒక్కోదానికీ సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. రైలు అడుగునుంచి వచ్చే రేడియో తరంగమే ఆ ట్యాగును మేల్కొలిపి సంఖ్య చెప్పిస్తుంది. స్టేషన్ గేటు దగ్గర మెట్రో కార్డు పనిచేసేదీ ఈ సూత్రం మీదే. ఫలానా ట్యాగు కనిపించిందంటే ఫలానా చోటు అని రైలులోని పటంలో ముందే రాసి ఉంటుంది. అంతవరకూ చేరిన తప్పు అక్కడితో చెల్లు. రెండు ట్యాగుల మధ్య అసలు దూరానికీ చక్రం చెప్పిన దూరానికీ ఉన్న తేడా నుంచి చక్రం ఎంత అరిగిందో కూడా తేల్చవచ్చు.

చోటు తెలిశాక ముందు రైలుకు ఎంత దూరంలో ఉండాలన్న ప్రశ్న వస్తుంది. పాత రైలు మార్గాల్లో దారిని ముక్కలుగా విభజించి, ఒక ముక్కలో ఒక రైలు ఉంటే రెండోదాన్ని రానివ్వరు. ముక్క కిలోమీటరు పొడవుంటే, రైలు దాని చివరి అంచున ఉన్నా ముక్క మొత్తం నిండినట్టే లెక్క. భద్రతకు లోటు లేదు గానీ దారి వృథా. మెట్రోలో ఈ ముక్కల మధ్య గోడలు కదులుతాయి. ప్రతి రైలూ తన చోటును నేల మీది కంట్రోలర్‌కు చెబుతూ ఉంటుంది. ‘ఇదిగో ఇంతవరకు నువ్వు వెళ్లవచ్చు’ అని కంట్రోలర్ వెనక రైలుకు హద్దు చూపిస్తుంది. ముందు రైలు ముసారాంబాగ్ స్టేషన్ వదలగానే ఆ హద్దూ దానితో పాటే ముందుకు జరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి, సెకనుకు సెకనుకు ఒక మీటరు చొప్పున వేగం తగ్గిస్తూ ఆగాలంటే దాదాపు 250 మీటర్లు కావాలి. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఉన్న ఈ ఎర్ర లైనులో 29 కిలోమీటర్లకు 27 స్టేషన్లు, అంటే సగటున కిలోమీటరు పైచిలుకుకు ఒకటి. పరుగందుకున్న కాసేపటికే ఆగడం గురించి లెక్క మొదలుపెట్టక తప్పదు. బ్రేకు వేసినప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి, కొంత కరెంటును తీగలోకి తిప్పి పంపుతాయి.

ఇంతకన్నా మెచ్చుకోవాల్సిన గుణం ఇంకొకటి ఉంది, దానికి మాత్రం ప్రయాణికుల దగ్గర తిట్లే దక్కుతాయి. ఈ రోబోకు అనుమానం వస్తే ఆగిపోతుంది. రేడియో మాట కొద్ది సెకన్లు వినబడకపోయినా, ట్యాగు రావాల్సిన చోట రాకపోయినా, రెండు కంప్యూటర్లు ఒకే లెక్క చేసి వేర్వేరు జవాబులు ఇచ్చినా, అది ఊహించి ముందుకు పోదు. ఆపదలో ఏ దిక్కుకు తప్పుకోవాలో ఆలోచించాల్సిన విమానానికి ఈ సౌకర్యం లేదు. రైలుకు ఆగడమనే సురక్షితమైన జవాబు ఎప్పుడూ ఉంది. 2012లో చైనాలోని షెంజెన్ మెట్రోలో ప్రయాణికుల జేబుల్లోని వైఫై పరికరాలు రైలు రేడియోకు అడ్డుపడి, నడుస్తున్న రైళ్లు అత్యవసర బ్రేకులు వేసుకున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, చాలామందికి ఆలస్యమైంది. ఈ కాలపు మాటకారి కంప్యూటర్ ప్రోగ్రాములు తెలియనిదాన్ని కూడా తడుముకోకుండా చెబుతున్నాయి. వాటి పక్కన పెడితే ఈ పాత తరహా జాగ్రత్త విలువ తెలుస్తుంది. చైతన్యపురికీ దిల్‌సుఖ్‌నగర్‌కూ మధ్య రైలు నిలిచిపోతే ‘మెట్రో మళ్లీ మొరాయించింది’ అనుకోవడం సహజం. ఒక్కోసారి అది నిజంగా మొరాయింపే. చాలాసార్లు మాత్రం యంత్రం తన పని తాను చేస్తున్నట్టు.

మరి ముందు క్యాబిన్‌లో కూర్చున్న మనిషి పని ఏమిటి? హైదరాబాద్ లోకో పైలట్లలో మహిళలు కూడా చాలామంది. వాళ్లు ప్లాట్‌ఫారం చూసి తలుపులు మూస్తారు, బయల్దేరమని బటన్ నొక్కుతారు, ఏదైనా తేడా వస్తే చేతికి తీసుకుంటారు. వేగం, బ్రేకు యంత్రం చూసుకుంటుంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఇది ఆటోమేషన్ రెండో మెట్టు. లండన్ విక్టోరియా లైనులో 1968 నుంచే ఈ పద్ధతి ఉంది. నాలుగో మెట్టులో రైల్లో సిబ్బంది ఎవరూ అక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని లిల్ నగరం 1983లోనే అక్కడికి చేరింది. మన దేశంలో డ్రైవర్‌తో పనిలేని మొదటి రైలు 2020 డిసెంబరు 28న ఢిల్లీ మెజెంటా లైనులో మొదలైంది. అక్కడి ప్లాట్‌ఫారాలకు అద్దాల తలుపులున్నాయి. పట్టాల మీదికి ఎవరూ పడిపోయే వీల్లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ తలుపులు లేవు. పసుపు గీత ఉంది, దాన్ని దాటినవాళ్లను విజిల్ వేసి వెనక్కి పంపే సెక్యూరిటీ మనిషి ఉన్నాడు. సాయంత్రం కోచింగ్ క్లాసులు వదిలే వేళ వీపున సంచులతో పిల్లలు మూగినప్పుడు, సంక్రాంతికి విజయవాడ బస్సులు పట్టుకోవడానికి పెట్టెలతో జనం ఎల్‌బీ నగర్‌కు బయల్దేరినప్పుడు, తలుపు ఏ క్షణాన మూయాలన్నది లెక్కతో తేలే విషయం కాదు. సగం లోపలికి వచ్చిన తల్లి వెనక చెయ్యి పట్టుకున్న పిల్లాడు ఉన్నాడో లేడో చూడాలి. తలుపు అంచులో అడ్డు తగిలితే తెరుచుకునే ఏర్పాటు యంత్రానికి ఉంది, అడ్డు తగలకముందే పసిగట్టే చూపు పైలట్‌ది. చక్రాల లెక్క మనిషికి చేతకాదు, గుంపు లెక్క ఈ యంత్రానికి ఇంకా చేతకాదు. పనిని ఆ గీత దగ్గర పంచడం సబబుగానే ఉంది.

ఎల్‌బీ నగర్ దగ్గర ఆగిపోయిన ఎర్ర లైనును హయత్‌నగర్ దాకా మరో 7.1 కిలోమీటర్లు పొడిగించే ప్రతిపాదన రెండో దశలో ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆ దశకు అనుమతి ఇచ్చి కేంద్రానికి పంపింది. స్తంభాలు లేచి పట్టాలు పరిచినంత మాత్రాన ఇప్పటి రైలు అటు వెళ్లలేదు. దాని పటంలో హయత్‌నగర్ లేదు. కొత్త దారిలో ట్యాగులు బిగించి, ఒక్కోదాని చోటును కొలిచి, మలుపుల్నీ ఎత్తుపల్లాల్నీ వేగ పరిమితుల్నీ పటంలోకి ఎక్కించి, రేడియో ఎక్కడా తెగకుండా చూడాలి. ఆపై ఖాళీ రైళ్లను రోజుల తరబడి నడిపి పరీక్షించాలి, మెట్రో రైలు భద్రతా కమిషనర్ తనిఖీ చేసి సంతకం పెట్టాలి. జనాన్ని ఎక్కించుకునేది ఆ తర్వాతే.