సర్వ వ్యవస్థలకు చెల్లు షెల్ పరీక్ష

ఒక పరీక్ష విఫలమైనచో ఆ వైఫల్యము ప్రోగ్రామునందలి దోషమును చాటవలెను గాని, పరీక్ష నడచిన యంత్రము యొక్క స్వభావమును చాటరాదు. లినక్స్, మ్యాక్, బీఎస్‌డీ, సొలారిస్ వంటి భిన్న వ్యవస్థలపై ఒకే షెల్ స్క్రిప్టు ఒకే తీర్పు చెప్పునట్లు రచించు విద్యకు మూలసూత్రమిదియే.

1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో వెలువడిన స్టీఫెన్ బోర్న్ షెల్ పిమ్మట కార్న్, బ్యాష్, డ్యాష్ మున్నగునవి బయలుదేరి, వానిలో పెక్కు తమకే ప్రత్యేకమైన సౌకర్యములను చేర్చుకొనగా, సర్వసమ్మతమైన భాగమేదియో తేల్చవలసిన యవసరము కలిగి, 1992లో పోసిక్స్ ప్రమాణము షెల్‌కును దాని యుపకరణములకును ఒక యుమ్మడి మర్యాదను నెలకొల్పెను. ఆ హద్దు మీఱుట యెంతటి చిక్కు తెచ్చునో 2006లో తేటపడినది: లినక్స్ వ్యవస్థయైన ఉబుంటు తన సామాన్య షెల్ 'ఎస్‌హెచ్' స్థానమున బ్యాష్‌కు బదులు డ్యాష్‌ను నిలుపగా, మొదటి పంక్తిలో ఎస్‌హెచ్ పేరు చెప్పి లోపల బ్యాష్ ఎఱిగిన అర్రేలను, జంట చదరపు బ్రాకెట్లను వాడిన స్క్రిప్టులు పనిచేయక నిలిచిపోయినవి.

ఈ విద్యలోని మెలకువలు చూచుటకు స్వల్పములైనను ఫలమున గొప్పవి. 'ఎకో' ఆజ్ఞ బ్యాక్‌స్లాష్‌ను ఒక షెల్‌లో ఉన్నదున్నట్లు ముద్రించి, మఱియొక షెల్‌లో దానికి విశేషార్థము కల్పించును గనుక, నిపుణులు 'ప్రింట్‌ఎఫ్'నే ఆశ్రయింతురు. ఫైలును ఉన్నచోటనే సవరించు 'సెడ్' ఆప్షను గ్నూలో ఒక తీరున, మ్యాక్‌లో మఱియొక తీరున వ్రాయవలసియుండుటచే, ఫలితమును తాత్కాలికమైన ఫైలులోనికి మళ్లించి, పిదప దానికి అసలు పేరు పెట్టుట క్షేమము. పంక్తులను లెక్కించు 'డబ్ల్యూసీ'కి ఫైలును ఇన్‌పుట్‌గా మళ్లించినచో, లినక్స్‌లో అంకె మాత్రమే వెలువడును. మ్యాక్‌లో అంకెకు ముందు ఖాళీలు చేరును. ఆ ఫలితమును అక్షరములుగా పోల్చిన పరీక్ష నిష్కారణముగా ఓడును, సంఖ్యగా పోల్చినది నిలుచును. గిట్ అను ప్రోగ్రాము యొక్క పరీక్షల రచయితలు ఈ చిక్కును ప్రతి పరీక్షకును వదలక, పంక్తుల సంఖ్యను సరిచూచు ఫంక్షను నొకదానిని అన్నిటికిని ఉమ్మడిగా నుంచినారు.

వీనన్నిటికంటె లోతైన నియమము మఱియొకటి గలదు: వ్యవస్థ పేరును బట్టి ఊహింపక, దాని సామర్థ్యమును ప్రత్యక్షముగా పరికించి తెలిసికొనవలెను. 1991లో డేవిడ్ మెకంజీ ఆరంభించిన ఆటోకాన్ఫ్ అను ఉపకరణము ఈ మార్గమును సుప్రతిష్ఠితము గావించినది. అట్లు పరికింపగా, ఫైలు పేర్లలో పెద్ద చిన్న అక్షరముల భేదమును పాటింపదని తేలిన డిస్కుపై, ఆ భేదమునే కోరు పరీక్షను ఓడినదనుటయు అసత్యమే, గెలిచినదనుటయు అసత్యమే. కారణము తెలిపి దానిని దాటవేయుటయే న్యాయము.

ఇంతటి శ్రమ యేలయన్నచో, యంత్రభేదముచేత పలుమారులు అకారణముగా ఓడిన పరీక్షను ప్రోగ్రామర్లు క్రమముగా లెక్కచేయుట మానుదురు. మానిన పిదప అది నిజమైన దోషమును చూపిన నాడును వారు దానిని నమ్మరు. కావున పోసిక్స్ హద్దులో నిలిచి, డ్యాష్‌లోను బీఎస్‌డీ యుపకరణములతోను నడిపి చూచి, పిమ్మటనే స్క్రిప్టును లోకమునకు విడుచు రచయిత కాపాడునది, పరీక్ష మాటకు గల విలువను.