శిలాజ స్కాలప్‌లు – సోవర్బీ వర్ణన పద్ధతి: ఒక విమర్శ

జురాసిక్ యుగము నేటికి సుమారు 20 కోట్ల 10 లక్షల సంవత్సరముల క్రిందట మొదలై, 14 కోట్ల 50 లక్షల సంవత్సరముల క్రిందట ముగిసినది. ఆనాటి సముద్రములలో స్కాలప్‌లు, అనగా విసనకర్ర ఆకారము గల చిప్పజీవులు, విరివిగా నివసించెను. వాని శిలాజములను వర్ణించిన తొలి గ్రంథములలో జేమ్స్ సోవర్బీ ఇంగ్లండులో 1812లో ప్రారంభించిన ‘మినరల్ కాంకాలజీ’ ముఖ్యమైనది. 1822లో ఆయన మరణింపగా, కుమారుడు జేమ్స్ డి కార్ల్ సోవర్బీ దానిని 1846 వరకు సాగించెను.

ఈ గ్రంథము గొప్పతనము కాదనరానిది. జాతి లక్షణమును తెలుపు ఒక చిన్న వాక్యము, పిదప కొంత వివరణ, శిలాజము దొరకిన చోటు, దానికి తగిన రంగుల చిత్రము – ఇదియే దాని క్రమము. 1818లో ఇందు వర్ణింపబడిన ‘పెక్టెన్ లెన్స్’ను ఉదాహరణముగా తీసికొనవచ్చును. దాని చిప్పపై గీతలు సూటిగా పోక ఇరువైపులకు వంగుచు విడిపోవును. ఆ గీతలలో సూదితో పొడిచినట్లు సన్నని గుంటలుండును. ఈ విశేషము వలననే తరువాతివారు దానిని ‘కాంప్టొనెక్టిస్’ అను వేరు ప్రజాతికి మాదిరి జాతిగా గ్రహించిరి.

అయినచో లోపమెక్కడ? ఆనాటి వర్ణనలు సాధారణముగా చేతికందిన కొద్ది నమూనాలపైననే ఆధారపడినవి. చిప్పజీవి పెరుగుకొలది దాని పొడవు వెడల్పుల నిష్పత్తి మారవచ్చును. కుడి చిప్పయు ఎడమ చిప్పయు ఒకే తీరుగ నుండవు. కుడి చిప్పకు ముందరి చెవి క్రింద ఒక నొక్కుండును. జీవి తన్ను రాతికి కట్టుకొను పోగులు అందుండి వెలువడును. ఈ సంగతులు గమనింపక, రూపభేదము కనబడినప్పుడెల్ల క్రొత్త పేరు పెట్టినచో పిల్ల ఒక జాతిగను, ఎదిగినది వేరొక జాతిగను లెక్కకు వచ్చును. 19వ శతాబ్దమున ఇట్లు పేర్లు పెరిగిపోయెను.

ఇది కేవలము పేర్ల తగాదా కాదు. ఒక కాలమున ఎన్ని జాతులుండెను, ఎన్ని నశించెను అను ప్రశ్నలకు సమాధానము ఈ పట్టికలనుండియే తీయవలెను. పట్టిక తప్పైనచో, లేని జాతులు పుట్టినట్లును గిట్టినట్లును తోచును.

1984లో ఏ. ఎల్. ఏ. జాన్సన్ ఐరోపాలోని జురాసిక్ స్కాలప్‌లను తిరిగి పరిశీలించి, పెక్కు నమూనాల కొలతల ఆధారముగా అనేక నామములను కలిపివేసెను. ‘లెన్స్’ కూడ ష్లోట్‌హైమ్ 1813లో పేరుపెట్టిన ‘ఆరిటస్’ జాతిలో చేరినది. ముందు పెట్టిన పేరు నిలుచుట నియమము కదా! ఈ పద్ధతి మేలైనదే. కాని విడదీయుటలో వలెనే కలుపుటలోను అతి తగదు. నేటి సముద్రములలో సైతము చిప్పలు పోలియున్నను జాతులు వేరగుట కలదు; నశించిన జీవి మెత్తని శరీరమో, సామాన్యముగా మనకు దక్కదు.

పేరు మారినను సోవర్బీ చిత్రము నిలిచినది. చూచినదానిని చూచినట్లు చూపుటయే దాని బలము. ఎన్నింటిని చూడవలెనో తెలియకపోవుటయే దాని బలహీనత. ఉపాధ్యాయులు ఒకే రకపు చిప్పలను చిన్నవి, పెద్దవి కలిపి ఏబది తెచ్చి, విద్యార్థులచే కొలిపించి, ఇవి ఎన్ని జాతులని అడిగినచో ఈ రెండు సంగతులును వారికి ఒక్క పాఠముననే బోధపడును.