టైపురైటర్ చప్పుడు

ఈమధ్య ‘బాగ్‌బాన్’ మళ్ళీ చూశాను. 2003లో మొదటిసారి చూసినప్పుడు చివర్లో అమితాబ్ బచ్చన్ ఉపన్యాసం దగ్గర ఏడ్చాను. ఈసారి ఆ ఉపన్యాసం నన్నేమీ కదిలించలేదు. అంతకు చాలా ముందే, టైపురైటర్ దగ్గర ఆగిపోయాను. రిటైరైన తండ్రి రాత్రిపూట టైప్ చేసుకుంటుంటే, ఆ చప్పుడు ఇంట్లోవాళ్ళకి ఇబ్బందవుతుంది. కొట్టడం, తిండి మాడ్చడం లాంటివేమీ లేవు. పైకి చూస్తే అది న్యాయమైన అభ్యంతరంలాగే ఉంటుంది. కానీ ఆ ఇంట్లో ఆయనకంటూ మిగిలింది ఆ ఒక్క పనే. దాన్ని కూడా బయటికి తీసుకుపోయి చేసుకోవాల్సొస్తుంది.

హింస ఇంత మర్యాదగా కూడా ఉంటుందని చూపించిన ఈ సన్నివేశం సినిమా మొత్తానికి గొప్పది. అయితే దీన్ని కనిపెట్టిన సినిమాకి దీంతో ఏం చెయ్యాలో తెలియలేదు.

అంతకు ముప్పై ఒక్కేళ్ళ ముందు వచ్చిన మన ‘బడిపంతులు’ (1972) కూడా ఇదే తోవలో నడిచింది. ఎన్టీ రామారావు, అంజలీదేవి. ముసలి దంపతుల్ని కొడుకులు చెరొకరూ పంచుకుంటారు, ఆస్తి పంచుకున్నట్టే. ఆ పంపకం చూస్తుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. తర్వాత రక్షణ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒకప్పుడు పంతులు చదువు చెప్పిన శిష్యుడి నుంచి. ‘బాగ్‌బాన్’లో? ఆయన చేరదీసి చదివించిన అనాథ కుర్రాడి నుంచి, రాసిన పుస్తకానికి వచ్చిన డబ్బు నుంచి.

నా పేచీ ఇక్కడే. రెండు సినిమాల్లోనూ సాయం అనేది పూర్వం చేసిన మంచికి దక్కిన బహుమతి. మరి ఎవరికీ చదువు చెప్పని, ఎవర్నీ పెంచని, పుస్తకం రాయడం చేతకాని మనిషి సంగతేమిటి? అసలు ఆ మనిషి అంత మంచిది కాకపోతే?

మా మేనత్త అలాంటిదే. నోరున్న మనిషి. కోడల్ని బాగానే సాధించింది. మామయ్య పోయాక ఇల్లు కొడుకు పేర గిఫ్టు రాసిచ్చింది. నేను వెళ్ళినప్పుడు శుభ్రమైన చీర కట్టుకుని కూచుంది. ఏమడిగినా ముందు కొడుకు మొహం చూసి తర్వాత చెప్పేది. ఫోన్ లేదు, “పాడైందిలే” అన్నాడు వాడు. పెన్షన్ ఏటీఎం కార్డు వాడి దగ్గరే. ఆవిడ గది గడియ బయటివైపుంది. ఇవన్నీ కళ్ళారా చూసి కూడా, “బాగానే చూసుకుంటున్నారు” అని మా నాన్నకి చెప్పాను. ఎందుకంటే నాకు తెలిసిన దుర్మార్గపు కొడుకు సినిమా కొడుకు. వాడు కేకలేస్తాడు. వీడు నాకు కాఫీ ఇచ్చాడు. ఇక బంధువులైతే, “ఆవిడ మాత్రం తక్కువ తిందా?” అన్నారు. యోగ్యత లేని బాధితురాలి మీద జాలి పడటం మన సినిమాలు మనకి నేర్పలేదు.

చట్టం యోగ్యత అడగదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టుకోలేని స్థితిలో ఉంటే వాళ్ళ అనుమతితో ఇంకొకరు పెట్టొచ్చు. నెలకి 10,000 రూపాయల దాకా భృతి ఇప్పించొచ్చు. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చెయ్యొచ్చు. ఆ షరతు ఉందని చూపించాలని సుప్రీంకోర్టు 2022లో అంది. ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలని 2025లో అంది. ఏం చెయ్యాలో తోచనివాళ్ళకి 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది. అయితే పోషణ అంటే ఈ చట్టం లెక్కలో తిండి, బట్ట, నీడ, వైద్యం. టైపురైటర్ చప్పుడు దానికి వినబడదు. సినిమాకి వినబడింది. కానీ సినిమాకి ఆర్డీవో ఆఫీసు కనబడలేదు. 2003 నాటికి ఈ చట్టం లేదు నిజమే. కానీ తల్లిదండ్రుల్ని పోషించడం కొడుకుల చట్టబద్ధమైన బాధ్యతని 1956 నుంచీ ఉంది కదా!

‘బాగ్‌బాన్’ తల్లిదండ్రులు చివర్లో కొడుకుల్ని క్షమించరు. అది సాహసమే, ఒప్పుకుంటాను. కానీ చేతిలో డబ్బూ, వెళ్ళడానికి ఇంకో ఇల్లూ ఉన్నాకే వాళ్ళు కాదనగలిగారు. మా అత్తకి ఆ రెండూ లేవు. రెండోసారి వెళ్ళి అర్జీ సంగతి చెప్తే, “నా కొడుకుని కచేరీ మెట్లెక్కిస్తావురా?” అంది. కాసేపాగి, గుమ్మంవైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది: “ఆ నంబరేదో, రాసిస్తావా?”

కాగితం మీద పెద్ద అంకెలతో రాసిచ్చాను. ఆవిడకి ఫోన్ లేదన్న సంగతి బస్సెక్కాక గుర్తొచ్చింది. దిగి వెనక్కి వెళ్ళాను.