కాటి సీనుకు ఫ్లాష్ వద్దు

సత్యహరిశ్చంద్రలో కాటి సీను మొదలయ్యేసరికి ఏ ఊళ్లోనైనా అర్ధరాత్రి దాటిపోతుంది. స్టేజీ మీద తెల్ల లైట్లన్నీ ఆపేస్తారు. పక్కనుంచి ఒక నీలం లైటు, చితి దగ్గర ఒక ఎర్ర లైటు, అంతే. హార్మోనిస్టు శ్రుతి అందిస్తాడు, హరిశ్చంద్రుడు భుజాన కర్రతో నిలబడి పద్యం ఎత్తుకుంటాడు. బలిజేపల్లి వారి నాటకమే అయినా ఆ సీనులో జాషువా శ్మశానవాటి పద్యాలు పడకపోతే మా జనం ఊరుకోరు. జాషువాది మా పొరుగున ఉన్న వినుకొండ మరి. ఆ మసక వెలుగులో ఆ గొంతు నరాన్ని, మూసుకున్న ఆ కళ్లను ఫ్లాష్ వెయ్యకుండా జేబులో పట్టే కెమెరాతో పట్టినవాణ్ని నేను మొదటి శ్రేణి ఫొటోగ్రాఫర్ అంటాను. వంద పెళ్లి ఆల్బమ్‌లు చేసినా ఈ సీను ముందు తేలిపోయేవాడికి ఆ మాట నా నోట రాదు.

ఈ పనికి మా పశ్చిమ ప్రకాశం ప్రాంతాన్ని మించిన బడి లేదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970 దాకా కర్నూలు జిల్లాలోవి. సీమ చెక్కభజన అటునుంచి, పద్యనాటకం, బుర్రకథ గుంటూరు వైపునుంచి వచ్చి ఇక్కడ కలిశాయి. మార్కాపురం చెన్నకేశవస్వామి గుడిలో నాదస్వరం, త్రిపురాంతకం తిరునాళ్లలో రాత్రి భజనలు, పల్లెపల్లెనా శ్రీరామనవమి పందిళ్లు. నాదస్వరంలో సంగీత కళానిధి బిరుదు అందుకున్న షేక్ చినమౌలానా పుట్టిన కరవది ప్రకాశం జిల్లాలో, ఒంగోలు పక్కనే ఉంది. ఈ సంగీతం చాలావరకు మా ప్రాంతంలో రాత్రిపూటే, చాలీచాలని వెలుతురులోనే సాగుతుంది.

చిన్న కెమెరా చరిత్ర ఎక్కువ చెప్పను. జర్మనీలో 1925లో లైకా బజారులోకి వచ్చింది, చీకట్లో చప్పుడు లేకుండా ఫొటో తీసే దారి దానితో తెరుచుకుంది. ఆ లైకాలతోనే అమెరికాలో జిమ్ మార్షల్ బీటిల్స్ ఆఖరి టికెట్టు కచేరీని 1966లో తీశాడు, శాన్ క్వెంటిన్ జైల్లో గాయకుడు జానీ క్యాష్‌ను 1969లో తీశాడు. మన దేశంలో రఘు రాయ్, అవినాశ్ పస్రిచా హిందుస్థానీ, కర్ణాటక విద్వాంసులను ఏళ్ల తరబడి వెంబడించి తీసిన ఫొటోలు చూడండి. వాటిలో పాట వినిపిస్తుంది! మన తెలుగువాడు భరత్ భూషణ్ తెలంగాణ పల్లె బతుకును, బతుకమ్మను అలాగే పట్టాడు. ఆయన 2022లో వెళ్లిపోయాడు. మా ప్రాంతానికి అలాంటివాడు దక్కలేదన్నది నాకు తీరని బాధ.

ఇక పని సంగతి. జేబు కెమెరాలో ముందు చూడాల్సింది లెన్సు ఎంత వెలుగు మింగుతుందన్నది. 2008లో పానాసోనిక్ ఎల్‌ఎక్స్3, మరుసటేడు కెనాన్ ఎస్90 ఎఫ్/2 లెన్సుతో వచ్చాయి. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100 ఎఫ్/1.8 లెన్సుతో, ఒక అంగుళం రకం సెన్సారుతో దిగింది. నా పక్షం దానిదే. కానీ ఆ ఎఫ్/1.8 జూమ్ చెయ్యనంతసేపే. జూమ్ చివరిదాకా లాగితే లెన్సు ఎఫ్/4.9కు మూసుకుపోతుంది, లోపలికి వచ్చే వెలుగు ఏడో వంతుకు పడిపోతుంది. వెనక కుర్చీలో కూర్చుని జూమ్ లాగే వాళ్ల ఫొటోలన్నీ అందుకే మసకబారతాయి. లేచి ముందుకెళ్లాలి, చాపల మీద పిల్లల పక్కన కూర్చోవాలి. అక్కడ పెద్ద కెమెరావాడు నలుగురికి అడ్డం. చిన్న కెమెరావాణ్ని ఎవరూ పట్టించుకోరు, పాడేవాడూ పట్టించుకోడు. ఈ కెమెరాల అసలు బలం ఇదేనని నా నమ్మకం.

కాటి సీనుకు నేను మెచ్చే లెక్క ఇది: ఐఎస్ఓ 1600, ఎఫ్/1.8, షట్టర్ సెకనులో అరవయ్యో వంతు. కెమెరా సొంత తెలివికి వదిలితే చుట్టూ ఉన్న నలుపును చూసి కంగారుపడి హరిశ్చంద్రుడి ముఖాన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా చేసేస్తుంది. స్పాట్ మీటరింగ్ పెట్టి ముఖం మీద కొలవాలి, లేదా ఒక మెట్టు వెలుగు తగ్గించాలి. పందిరి గుంజకు భుజం ఆనించి, కెమెరా తాడు మెడకు బిగువుగా లాగి, ఊపిరి వదిలాక నొక్కాలి. చెయ్యి వణుకు ఆపే ఏర్పాటు చాలా కెమెరాల్లో ఉంటుంది, నిజమే. ఎదుటివాడి కదలికను మాత్రం అది ఆపలేదు. దానికి పాట తెలియాలి. పద్యం చివర రాగం తీసేటప్పుడు మనిషి నిలిచిపోతాడు, కళ్లు మూతపడతాయి, చెయ్యి గాలిలో ఆగుతుంది. ఆ రెండు మూడు సెకన్లే మనవి. నాదస్వరంలో అయితే బుగ్గలు నిండిన క్షణం. బుర్రకథకుడు తంబురా మీటుతూ, బొటనవేలి అందె మోగిస్తూ ముందుకు మూడడుగులు వేస్తాడు, వెనక్కి తిరిగేముందు అరక్షణం ఆగుతాడు. ఆ చోటికి ముందే ఫోకస్ కట్టి ఉంచుకున్నవాడికి ఫొటో తప్పదు. రికో జీఆర్‌లో ఇంత దూరమని ముందే బిగించుకునే ఏర్పాటు ఇందుకే నాకు ముద్దొస్తుంది. చెక్కభజనకు ఈ లెక్కలు చెల్లవు. గుండ్రంగా తిరిగే కాళ్లకు రెండువందలో వంతు షట్టర్ కావాలి, ఐఎస్ఓ 3200కు పోవాలి. ఫొటోలో గింజలు పడితే పడనివ్వండి, గజ్జె కట్టిన కాలు స్పష్టంగా ఉంటే చాలు.

లైట్లతో మరో చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు నూరుసార్లు వెలిగి తగ్గుతాయి. చప్పుడు ఉండదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే ఫొటో నిండా చారలు. వందో వంతు, యాభయ్యో వంతు షట్టర్‌కు ఆ బెడద తగ్గుతుంది. ఆర్‌ఎక్స్100, జీఆర్‌ల లెన్సులోనే ఉండే ఆకు షట్టర్ ఎలాగూ దాదాపు చప్పుడు చెయ్యదు, దాన్నే వాడండి. ఇక ఎర్ర ఎల్‌ఈడీ కింద ముఖం రక్తపు ముద్దలా వస్తే రంగు తీసేసి నలుపు తెలుపు చేసుకోండి. కాటి సీను నలుపు తెలుపులోనే నిండుగా ఉంటుంది.

ఇంత విద్యను ఇవాళ ఏం చేస్తున్నామో చెబితే కడుపు మండుతుంది. పద్యం మధ్యలో ఫ్లాష్ వేస్తారు! చిన్న కెమెరా ఫ్లాష్ ఎంతో దూరం పోదు. ముందు వరస తలలు వెలుగుతాయి, హరిశ్చంద్రుడు చీకట్లోనే ఉంటాడు, నటుడికి మాత్రం కళ్లు బైర్లు కమ్ముతాయి. వీడియో వాళ్లు ఎల్‌ఈడీ పలకను ఏకంగా ముఖం మీదే పెడతారు. డైరెక్టరు కష్టపడి కట్టిన శ్మశానం క్షణంలో పెళ్లి మండపం అయిపోతుంది. ఫోన్లు ఇంకో రకం అన్యాయం. నైట్ మోడ్‌లో ఫోన్ ఒకటి తర్వాత ఒకటిగా కొన్ని ఫొటోలు తీసి కలిపేస్తుంది. కదిలే చెయ్యి అందులో కరిగిపోతుంది, చెమట, ముడత, కరిగిన మేకప్ అన్నీ నునుపైపోతాయి. అరవై ఏళ్ల హార్మోనిస్టు ముఖంలో అరవై ఏళ్లూ కనిపించని ఫొటో ఎవరికి కావాలి? ఆ నునుపే అందమనుకుని జనం చిన్న కెమెరాను వదిలేశారు. 2010లో ప్రపంచమంతా కలిపి 10 కోట్లకు పైగా చిన్న కెమెరాలు దుకాణాలకు వెళ్లాయి, 2023లో 20 లక్షలు కూడా వెళ్లలేదు.

పద్యనాటకాల నటుడు ఈలపాట రఘురామయ్య ఫొటోల్లో నేను చూసినవి ఎక్కువగా స్టూడియోలో కిరీటంతో కూర్చున్నవే. వేలు నోటికానించి ఆయన ఈల ఎత్తుకున్న క్షణానికి జనం ఎలా ఊగిపోయేవారో వాటిలో లేదు. పద్మశ్రీ అందుకున్న అంతటివాడి సంగతే అలా ఉంటే, మన ఊళ్లలో ముప్పై ఏళ్లుగా హార్మోనియం వాయించే పెద్దాయనకు ఏం మిగులుతుంది? డప్పు వాళ్లకు, చెక్కభజన గురువులకు ఓటరు కార్డు ఫొటో తప్ప ఇంకేముంది?

తిరునాళ్ల కమిటీల పెద్దలకు, నాటకాలు పెట్టించే దాతలకు నా మనవి ఇదే. నాటకం మొదలయ్యే ముందు మైకులో ఒక్కమాట చెప్పించండి, ఫ్లాష్ వెయ్యొద్దని. కాటి సీను అయ్యేదాకా వీడియో లైటు ఆపించండి. స్టేజీ ముందు హార్మోనియం వైపు ఫ్లాష్ లేని ఒక కెమెరాకు చోటివ్వండి. ఇంట్లో బీరువాలో పాత చిన్న కెమెరా పడి ఉన్న కుర్రాళ్లూ, బ్యాటరీ ఛార్జి చేసుకుని వచ్చే నవమికి చాప మీదికి రండి. తీసిన ఫొటో ఫోన్లో పంపి ఊరుకోకండి. కాగితం మీద ప్రింటు వేయించి, వెనక కళాకారుడి పేరు, ఊరు, తేదీ రాసి ఆయన చేతికివ్వండి.