తాలు చెరిగే చేతులు

లండన్‌లోని ఎప్పీ సెంటర్ అనే పరిశోధన కేంద్రం వంటి చోట్ల జరిగే సాక్ష్యాల సమీక్షను పీజీ విద్యార్థులు నేర్చుకుంటుంటే నాకు చాట పట్టిన అమ్మ గుర్తొస్తుంది. ఒక ప్రశ్నపై వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి, తాలు చెరిగి, గట్టిగింజలు మిగల్చడమే ఆ పని.

ఏం వెతకాలో, దేన్ని వదలాలో ముందే రాసుకుంటారు. ఫలితం నచ్చిందని దేన్నీ చేర్చరు. ఇద్దరు విడివిడిగా చదివి, తేడా వస్తే కూర్చుని తేల్చుకుంటారు.

ఉదాహరణకు, దారితప్పిన పిల్లలకు జైలు చూపించి భయపెడితే బాగుపడతారని అమెరికాలో ఎందరో నమ్మారు. ఈ పద్ధతిపై 1967–1992 మధ్య జరిగిన 9 ప్రయోగాలను సమీక్షకులు జల్లెడ పట్టారు. ఊరకే వదిలేసిన పిల్లల కంటే భయపెట్టిన పిల్లలే ఎక్కువగా నేరాల వైపు వెళ్లారని తేలింది.

మంచి మనసు ఒక్కటే చాలదని చెప్పిన ఆ సమీక్షకుల ఓపికకు చేతులెత్తి మొక్కాలి.