అరవై ముక్కల కట్ట

పటమటలో మా అక్క వాళ్ల మేడమీద గదిలో మే నెలలో కూడా ఫ్యాను ఆపేసి ఉందంటే, మా మేనల్లుడు కట్ట పరీక్షిస్తున్నాడని అర్థం. గాలికి కాగితాలు ఎగిరిపోతాయి మరి. మేజిక్ ద గ్యాదరింగ్ ఆటలో కొన్ని ముక్కలు ఒక్కోటి వేల రూపాయలు పలుకుతాయి. అందుకని వాడు కొనేముందు తెల్లకాగితం మీద ముక్క పేరు, ఖర్చు, అది చేసే పని బాల్‌పెన్నుతో రాసుకుంటాడు. ఆ కాగితానికి వెనక పాత పేకముక్క ఆనించి రెంటినీ ప్లాస్టిక్ తొడుగులో దూరుస్తాడు. ఇస్పేటు రాజుకు ఇలాంటి నౌకరీ పడుతుందని నేననుకోలేదు.

1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితజ్ఞుడు కనిపెట్టిన ఆట ఇది. రమ్మీలో కట్ట అందరిదీ. ఇందులో ఎవరి కట్ట వాళ్లు కూర్చుకుని రావాలి. కనీసం 60 ముక్కలుండాలి. ఒకే పేరున్నవి 4కు మించకూడదు, మామూలు నేలముక్కలకు మాత్రం ఆ పట్టింపు లేదు. నేల పడితేనే మిగతా ముక్కలు దించే శక్తి వస్తుంది. డెల్టావాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. ముక్క మనకు పేకలోనూ ఉంది, పొలంలోనూ ఉంది.

వాడు వెంటనే ఆటకు దిగడు. కలిపి, ఏడు ముక్కలు తీసి, నేలలెన్నో చూసి, నోటుపుస్తకంలో గీత పెట్టి, మళ్లీ కట్టలో కలిపేస్తాడు. ఇలా నూరుసార్లు! మొదటిరోజు నేను అరగంట చూసి కాఫీకి కిందకు దిగిపోయాను. రెండోరోజు గీతలు లెక్కపెట్టాను. బలమైన ముక్కల మీద ఆశకొద్దీ 20 నేలలే పెట్టాడు. నూట్లో 26 సార్లు చేతికి ఒక్క నేలో, అసలు లేకపోవడమో. లెక్క కట్టినా దాదాపు పాతికే వస్తుంది. నేలలు 24 చేస్తే అది 14కు దిగుతుంది. దిగాలంటే నాలుగు మంచి ముక్కలు బయటకు పోవాలి. వాటిని తీసి పక్కన పెడుతున్నప్పుడు వాడి మొహం చూడాలి.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నారుమడి పొయ్యడానికి ముందు నూరు వడ్లగింజలు తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు లెక్కపెట్టేవాడు. ఎనభైకి తగ్గితే ఆ బస్తా జోలికి పోయేవాడు కాదు. సంచి మీద ఏం రాసుందన్నది తర్వాతి మాట.

అసలు పనితనం ఓడిన ఆటల పేజీలో ఉంది. ఓడిన ప్రతిసారీ చేతిలో ఏ ముక్క మిగిలిపోయిందో ఒక వరసలో రాస్తాడు. ఆ వరసలో పైనుంచి కిందికి ఒకటే పేరు కనబడుతోంది: శివన్ డ్రాగన్. ఎగురుతుంది, బలం 5, బొమ్మ చూస్తే వదలబుద్ధి కాదు. కానీ దించాలంటే ఆరు నేలలకు సరిపడే శక్తి కావాలి. ఆరోది పడేలోపు ఆట అయిపోతోంది. గెలిచిన ఆటలు మాత్రమే రాసుకునేవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. నాలుగు డ్రాగన్లలో రెండు తీసేశాడు. ఒక మార్పు చేశాక ఇంకోటి ముట్టుకోడు. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుందట.

ఆ మార్పు తర్వాత స్నేహితుడితో ఇరవై ఆటలాడి పన్నెండు గెలిచాడు. నేను శభాష్ అన్నాను.

“బొమ్మాబొరుసూ వేసినా ఇరవైలో పన్నెండో అంతకన్నా ఎక్కువో నాలుగింట ఒకసారి పడతాయి మావయ్యా,” అన్నాడు. తర్వాత నేను లెక్క చూసుకున్నాను. నిజమే.

పెళ్లిపందిళ్లలో రమ్మీ ఆడే మా బాబాయిలు ఈ లెక్కలు వేసి ఎరగరు. కానీ పదమూడు ముక్కలు విప్పి చూసి, డ్రాప్ అనడానికి రెండు క్షణాలు పట్టేది కాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఆటే అంది. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి అని కారణం చెప్పింది. మావాడిది ఆ పారెయ్యడమే, కాకపోతే ఆటకు ముందే.

నిన్న సాయంత్రం వెళ్లేసరికి కొత్త పేజీ తెరిచి కూర్చున్నాడు. “మావయ్యా, కాస్త నువ్వు కలుపు. నేను కలిపితే నేలలన్నీ ఒకచోటే ఉండిపోతున్నాయి.” రమ్మీ చేత్తో ఏడుసార్లు కలిపి ఇచ్చాను. తొడుగులు నలుగుతాయని విసుక్కుంటూనే ఏడు ముక్కలు తీశాడు. మూడు నేలలు, ఒక డ్రాగన్. గీత పెట్టి, కట్ట మళ్లీ నా చేతికిచ్చాడు.